మా ఆయన మెరక తోలిన పాటిదిబ్బ

మా ఆయన తెలివితేటల గురించి పటమటలో ఎవరినడిగినా చెబుతారు. అడగకపోతే ఆయనే చెబుతారు. నేల కనిపిస్తే చాలు, అందులో ఎన్ని ప్లాట్లు పడతాయో ఆయన కళ్ళకు కట్టేస్తుంది. ఆ కన్ను ఒకసారి సొంత ఊళ్ళోని పాటిదిబ్బ మీద పడింది.

పాటిదిబ్బ అంటే ఎప్పుడో ఎవరో కాపురాలుండి, తరాల తరబడి వండుకు తిని, ఒకనాటికి వదిలి వెళ్ళిపోయిన చోటు. వాళ్ళు పొయ్యిలోంచి ఎత్తిపోసిన బూడిద, తిని పారేసిన ఎముకలు, పేడ, పగిలిన కుండలు అన్నీ కలిసిపోయి నల్లటి మెత్తటి మట్టి అయింది. పంపకాల్లో కాస్త వరిచేనుతో పాటు ఆ దిబ్బ మా ఆయన వాటాకి వచ్చింది. దిబ్బ మీద సాగు మాత్రం వాళ్ళ అక్కది. మా వదినగారు భర్త పోయాక ఊళ్ళోనే ఉండి, దిబ్బ మీద వంకాయలు, గోంగూర, తోటకూర పండించి, బజార్లో అమ్ముకుని బతికేవారు. ఒకరి మీద ఆధారపడకుండా, కాస్త దర్జాగానే బతికేవారు.

ఎండాకాలం వస్తే ఊళ్ళో రైతులంతా ఆవిడ ముందు నిలబడేవాళ్ళు. నారుమడికీ చేలకీ పాటిమన్ను చల్లడం అక్కడి అలవాటు. వదినగారు పైసా పుచ్చుకునేవారు కాదు. ప్రతివాళ్ళనీ ఒక్కటే అడిగేవారు: "ఎంత చాలు?" అడిగినవాడు నోటితో చెప్పాలి, చెప్పినంతే తవ్వుకోవాలి. ఎంత ఆశపోతు అయినా ఆవిడ మొహం చూస్తూ మరీ ఎక్కువ అడగలేకపోయేవాడు. దిబ్బ అన్నాళ్ళు మిగలడానికి కారణం అదే.

నేను భవానీపురంలో ఒక జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. అందుచేత ఇంట్లో నా మాటకు విలువ లేదు. గన్నవరం దగ్గర పల్లంలో వేసిన వెంచర్‌కి మెరక కావాలనీ, దిబ్బను తోలించేస్తాననీ మా ఆయన అన్నప్పుడు మాత్రం ఊరుకోలేకపోయాను.

"ఏమండీ, ఆ మట్టిలో జింకు, రాగి, మాంగనీసు ఉంటాయి. అంతమంది బతికిన చోటు కాబట్టే చేరాయి. కాస్త కాస్తే కావాలి గానీ, అవి లేకపోతే పైరు లేవదు."

"రాగి కూడా ఉందా? అయితే బిందె చేయించుకో," అన్నారాయన.

వదినగారు రసాయనాల జోలికి పోలేదు. "ఒరేయ్, దిబ్బ తీసేస్తే నేనేం చేసుకు బతకాల్రా?" అని సూటిగా అడిగారు.

"నీకేం తక్కువ చేస్తానక్కా? చక్కగా చదును చేయించి ఇస్తా. నేల ఎక్కడికీ పోదుగా!"

నిజమే, నేల ఎక్కడికీ పోలేదు. మట్టే పోయింది. ప్రొక్లెయిన్ వచ్చింది, టిప్పర్లు వచ్చాయి, కుండపెంకులతో సహా దిబ్బ గన్నవరం చేరింది. వదినగారికి అడుగున ఉన్న బంకమట్టి మిగిలింది. అందులో వేసిన వంగనారు మొహమాటానికి కొన్నాళ్ళు నిలబడి పడిపోయింది. నాకెంత కోపం వచ్చిందంటే, చాలారోజులు ఆయన కాఫీలో పంచదార వేయలేదు. షుగర్ తగ్గిందని ఆయన సంతోషించారు.

ఆ తర్వాత మట్టి తన పని తాను చూసుకుంది. వెంచర్‌లో పిచ్చిమొక్కలు మనిషెత్తు పెరిగాయి. ప్లాటు చూడ్డానికి వచ్చినవాళ్ళకి ప్లాటు తప్ప అన్నీ కనిపించేవి. కొట్టించిన మొక్కలు వాన పడగానే మళ్ళీ లేచేవి. ఇటు ఊళ్ళో, పాటిమన్ను లేని రెండో వానాకాలం సార్వా పంటకి, ఆయన సొంత చేలో వరి గిడసబారి ఆకుల మీద తుప్పు రంగు మచ్చలు తేలాయి. ఎరువుల కొట్టతను చూడగానే జింకు లోపం అన్నాడు. నేను చెబితే బిందె, కొట్టతను చెబితే శాస్త్రం.

జింక్ సల్ఫేట్ బస్తాలు వచ్చాయి. రెండుసార్లు చల్లడం దండగని మా ఆయన దాన్ని డీఏపీ ఎరువుతో కలిపి ఒకేసారి చల్లించారు. ఆ రెండూ కలిస్తే ఒకదాన్నొకటి పట్టుకుని కూర్చుంటాయి, జింకు పైరుకు అందదు, అందలేదు. ఇది నా క్లాసులో వెనకబెంచీ వాళ్ళకి కూడా తెలుసు. మా ఆయన నా క్లాసుకి రారు కదా.

ఆ రోజుల్లో నేనూ వదినగారూ ఆదివారాలు ఆటోలో వెంచర్‌కి వెళ్ళేవాళ్ళం. చదును చేయగా ఓ మూల మిగిలిపోయిన కుప్పలోంచి సిమెంటు సంచుల్లోకి మట్టి ఎత్తుకునేవాళ్ళం. వాచ్‌మన్ అడిగితే "పూలకుండీలకి" అనేదాన్ని. ఓనరు భార్య మట్టి దొంగతనానికి వస్తుందని అతనికి మాత్రం ఎలా తోస్తుంది? అలా మోసి మోసి, వదినగారు ఇంటి వెనక చిన్న చిన్న మళ్ళు కట్టుకున్నారు. గోంగూర మళ్ళీ ఎర్రటి కాడలతో లేచింది. నాకు ఏడుపొచ్చింది. ఆవిడ మాత్రం బేరానికి కట్టలు కట్టుకుంటున్నారు.

మొన్న ఎండాకాలం నేనక్కడ ఉన్న రోజే రైతులు మళ్ళీ ఆవిడ పెరట్లో నిలబడ్డారు. వాళ్ళందరి వెనక, ఇస్త్రీ చొక్కాలో, మా ఆయన.

"అక్కా, నారుమడికి నాకూ కాస్త..." అని నసిగారు. కింద నల్లటి మట్టినీ, అందులోని కుండపెంకునీ చూసి, "ఇది ఎక్కడిదక్కా?" అన్నారు.

"నీ వెంచర్‌దేరా."

ఆయన నా వైపు చూశారు. నేను గోంగూర వైపు చూశాను.

వదినగారు పార చేతిలోకి తీసుకున్నారు. దెప్పలేదు, విసుక్కోలేదు. అందరినీ అడిగినట్టే అడిగారు.

"ఎంత చాలురా?"

దిబ్బకు దిబ్బ తోలించిన మనిషి ఆవిడ మొహం వైపు చూశారు.

"తట్టెడు చాలక్కా," అన్నారు చివరికి.

ఆవిడ తట్ట నింపి తమ్ముడి నెత్తికి ఎత్తారు. ఇస్త్రీ చొక్కా మీద మట్టి రాలుతున్నా దులుపుకోకుండా, ఆయన చేను దాకా నడిచి వెళ్ళారు.