మునెమ్మ జుట్టు కవరు

ఇది ప్రాణానికీ మృత్యువుకూ నడుమ, మెదడు అంచున జరిగిన మహాసంగ్రామం. అని మొదలుపెట్టాలని నాకూ ఉంది. కానీ ఆ సంగ్రామం జరుగుతున్నప్పుడు నేను వార్డులో దుప్పట్లు మారుస్తున్నాను. నా వంతుకు వచ్చింది అరచేతి వెడల్పు జుట్టు గొరగడం. అదీ సులువుగా జరగలేదు.

మూడేళ్ల కిందట, తిరుపతిలో ఒక ఆసుపత్రి న్యూరోసర్జరీ వార్డు. నేను అప్పుడే చేరిన స్టాఫ్ నర్సును. మునెమ్మది తిరుచానూరు, పూలమ్ముతుంది. కుడి చెంపకు గాలి తగిలినా, నోరు తెరిచినా కరెంటు కొట్టినట్టు నొప్పి. పంటినొప్పి అనుకుని రెండు మంచి పళ్లు పీకించుకుంది. పళ్లు పోయాయి, నొప్పి ఉంది. మాత్రలూ పనిచేయడం మానేశాక, నెల రోజులుగా గంజి మీదే బతుకుతోంది. దీన్ని ట్రైజెమినల్ న్యూరాల్జియా అంటారు. ముఖానికి వెళ్లే నరాన్ని పక్కనున్న రక్తనాళం ఒత్తుతూ ఉంటుంది. చెవి వెనక ఎముకకు చిన్న రంధ్రం చేసి, ఆ రెంటి మధ్యా టెఫ్లాన్ ముక్క పెడతారు. అదే మైక్రోవాస్కులర్ డీకంప్రెషన్. చేసేది ఎడంగా జరపడం, పేరు మాత్రం అంత పొడుగు.

ఆపరేషన్ రోజు పొద్దున నేను ట్రిమ్మర్ తీయగానే ఆమె రెండు చేతులతో కొప్పు పట్టుకుంది. "వద్దు."

భయమనుకున్నాను. పది నిమిషాలు ధైర్యం చెప్పాను. బాగానే చెప్పినట్టున్నాను, పక్క బెడ్డు ఆమె కళ్లు తుడుచుకుంది.

మునెమ్మ చెంప కదలకుండా ఒక్కో మాటా ఏరి పలికింది. "భయం కాదు మే. నొప్పి పోతే తలనీలాలిస్తానని కొండమీది సామికి మొక్కుకోనుండా. సామి జుట్టు నువ్వు గీకి చెత్తబుట్టలో ఏస్తావా?"

థియేటర్ నుంచి రెండుసార్లు ఫోన్ వచ్చింది. ఈ పూట తప్పితే మళ్లీ ఆమె వంతు ఎప్పుడో.

"చెవెనక ఇంతే అత్తా," అరచెయ్యి చూపాను. "మిగిలిందంతా సామికే. ఈమాత్రం తగ్గితే ఆయనేమన్నా కొలుస్తాడా?"

"ఇరవై ఏండ్లుగా పూలమ్ముతా ఉండా. ఎవురికీ ఒక్క మూర తక్కువేసింది లేదు. సామికి ఏస్తానా?"

అంత పెద్ద మాటకు ఫలితంగా చెంప పట్టుకుని వంగిపోయింది. ల్యాబుకు రక్తం పంపే కవరు కొత్తది ఒకటి తెచ్చాను. "గీసిందంతా దీంట్లోనే ఏస్తా. ఒక్క ఎంట్రుక కింద పడదు. నీ పేరు రాసిస్తా, కొండకు నువ్వే తీసకపో."

కవరును అటూ ఇటూ తిప్పి చూసింది. "బెడ్డు నంబరు గూడా రాయి. ఇంకెవురిదాంట్లోనో కలిసిపోతాది."

కొప్పు వదిలింది.

ఆపరేషనైన రెండు రోజులకు వార్డులో ఇడ్లీ ముక్క కుడివైపు పెట్టుకుని, కళ్లు మూసుకుని నమిలింది. ఆగింది. నొప్పి కోసం ఎదురుచూసింది. రాలేదు. ఇక చరిత్రలో నిలిచే మాట ఒకటి వస్తుందని నిలబడ్డాను.

"చట్నీలో ఉప్పు లేదు మే," అంది. కన్నీళ్లు కారుతూనే ఉన్నాయి, నమలడం మాత్రం ఆపలేదు.

నేను నేర్చుకున్నది ఇంతే. పేషెంటు వద్దంటే, ధైర్యం చెప్పే ముందు ఎందుకని అడగాలి. పది నిమిషాలు మిగులుతాయి.

డిశ్చార్జి నాడు కవరు నడుముకు దోపుకుని నేరుగా కొండకే అంది. గాయం మానేదాకా గుండు కుదరదని ఆపాను. కుట్లు తీయించుకోవడానికి పదో రోజున రావాలన్నాను. ఓపీ చీటీలు పదకొండింటికి ఆపేస్తారని కూడా చెప్పాను.