వత్తి తగ్గించిన అలివేలమ్మ

ధర్మవరం తొగట నేతగాళ్ల వీధిలో అలివేలమ్మ నోటికి జడవని మనిషి లేడు, ఒక్క కిరసనాయిలు అంగడాయన తప్ప.

"యుద్ధం యాడో సరిహద్దులో జరుగుతాంటే మా ఇంట్లో దీపానికేం తెగులప్పా? మొన్న ఆరణాలు, నిన్న ఏడు, ఈపొద్దు సీసా ఎనిమిదంటావా? నీ అంగడి మన్నైపోను!" అని ఆమె దుమ్మెత్తిపోస్తే, "ఇష్టమైతే పోయించుకో, లేకుంటే చీకట్లో కూచో" అనేవాడు ఆ మహానుభావుడు, గరాటు కూడా ఎత్తకుండా.

అదే సీసా హిందూపురంలో ఆరణాలేనని తెలిసిన రోజు ఆమెకు అన్నం సయించలేదు. ఒకే రైలుదారి మీద ఉన్న ఊళ్లకు రెండు ధరలేమిటని వీధంతా వినబడేలా తిట్టింది.

అది 1965. ఆమె మగడు ఆదినారాయణ మగ్గం గుంటలో కాళ్లు పెడితే లోకం మరిచిపోయే నేతగాడు. పట్టు వ్యాపారి వీరభద్రయ్య తన కూతురి ముహూర్తం చీర అతనికే అప్పగించాడు. ఎర్రటి చీర, ముదురాకుపచ్చ అంచు, కార్తీకంలో పెండ్లి. "ఇది మెప్పించినావంటే ఏడాది పొడుగునా నా పట్టు నీకే" అన్నాడు. మెప్పించకపోతే ఏమవుతుందో వేరే చెప్పలేదు. మగ్గం కూడా ఆయనదే.

ఇంతలో ముసురు పట్టింది. పట్టపగలే గదిలో పోగు కనబడదు. అలివేలమ్మ ఊరుకుంటుందా? హిందూపురంలో చెల్లెలిని చూసే వంకతో పోయి, డబ్బా నిండా చవక నూనె పోయించుకుని, కొంగు కింద దాచి తిరుగు రైలెక్కింది. పెనుకొండ దాటగానే పక్కవాళ్లు వాసన పట్టారు. "రైల్లో కిరసనాయిలా! మమ్మల్నందర్నీ కాల్చి చంపుతావేమే?" అని ఒక పెద్దమనిషి డబ్బా లాక్కుని తలుపులోంచి విసిరేశాడు. పెట్టెలో జనం పడీపడీ నవ్వారు. ఆమె ఏడవలేదు. ఇంటికొచ్చి దీపం వత్తి తగ్గించింది.

మరునాడు ఇంకాస్త. ఆ మరునాడు ఇంకాస్త.

"ఏమే, వెలుతురు తగ్గినట్టుండాది?" అన్నాడు ఆదినారాయణ గుంటలోంచి.

"దీపం ఎట్లుండేది అట్లే ఉండాది. నీ కండ్లే మసకబారినాయి. ఇంకా పడుచోడిననుకుంటాండావా?"

నమ్మాడు పాపం. పెండ్లాం మాట మీద అనుమానపడడం అతనికి తెలియదు. తడిగుడ్డతో కళ్లు తుడుచుకుని, పోగులకు ముక్కు ఆనించి నేశాడు. అది చూసి అలివేలమ్మ వత్తి పెంచబోయింది. ఎనిమిదణాలు గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తీసుకుంది.

అంచు దారం కండెలకు చుట్టి గంపలో వేసేది ఆమే. పాత చీరకు మిగిలిన నల్ల కండెలు రెండు అడుగున ఉండిపోయాయి. ఆ గుడ్డి వెలుతురులో ముదురాకుపచ్చకూ నలుపుకూ తేడా ఆమెకూ తెలియలేదు, అతనికీ తెలియలేదు. ఆఖరి రోజు అవే నాడెలోకి ఎక్కి అంచు నేతలో పడ్డాయి. నేసిన బట్ట ఎప్పటికప్పుడు మగ్గం కర్రకు చుట్టుకుపోతుంది కాబట్టి ఎవరి కంటా పడలేదు.

చీర వీరభద్రయ్య వాకిట్లో విప్పిన పొద్దున ఎండ కాసింది. పెండ్లికూతురి తల్లి కెవ్వుమంది. చెంగు దగ్గర జానెడు అంచు నల్లగా ఉంది.

"మా బిడ్డ మెడలో తాళి పడే పూట నలుపు కట్టిస్తావా? నీ చేతులు పడిపోను!"

ఆదినారాయణ వంగి చూశాడు. "అయ్యా, ఇది మగ్గం మీద నాకు పచ్చగానే కనబడింది. నా కండ్లు పోయినాయి. ఇంట్లో ఆమె చెప్తానే ఉండాది, నేనే వినలా."

అందరూ అలివేలమ్మ వైపు చూశారు. ఊరందరినీ దులిపేసే ఆ నోటికి ఆ పొద్దు ఆమే కొంగు అడ్డం పెట్టుకుంది. వత్తి సంగతి చెబితే మగని పని చెడగొట్టిన ఆడదని వీధి ఉమ్మేస్తుంది. ఆమె తలవంచుకుని, అవునన్నట్టు ఊపింది.

"కండ్లు లేనోనికి పట్టు ఎవరిస్తారప్పా?" అన్నాడు వీరభద్రయ్య. సాయంత్రానికి మనుషులొచ్చి మగ్గం విప్పుకుపోయారు. గుంట మాత్రం మిగిలింది.

ఊళ్లో ఇంకెవరూ అతనికి మగ్గం ఇవ్వలేదు. ఆడవాళ్ల పక్కన కూర్చుని కూలికి కండెలు చుట్టసాగాడు. ఎండాకాలంలో ఒక మిట్టమధ్యాహ్నం, ఒక పోగు పట్టుకుని పరుగున ఇంటికొచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"అలివేలూ, చూడు! ఈ పోగు నాకు బాగా కనబడతాంది. పచ్చే గదా? నా కండ్లు బాగైనట్టుండాయి. పోయి మళ్లా మగ్గం అడుగుతా."

పోగు పచ్చగానే ఉంది, తమలపాకంత పచ్చగా. అవునంటే, అతని కండ్లు ఎప్పుడూ చెడలేదని తేలిపోతుంది. మరి ఆ రోజుల్లో దీపానికేమైందని అడుగుతాడు. తప్పకుండా అడుగుతాడు.

"నలుపు" అంది అలివేలమ్మ.

ఆదినారాయణ పోగును ఎండకు పట్టి చాలాసేపు చూశాడు.

"అవునే, నలుపే" అన్నాడు.