గడప మార్చినవాణ్ణి

మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను. ఎన్నో ఏళ్లుగా దీన్ని ఒక్కణ్ణే మోస్తున్నాను. ఇంట్లో చెప్పలేదు, గుళ్లో చెప్పలేదు. మా ఆవిడ పోయేముందు నా చెయ్యి పట్టుకుని, నీ మనసులో ఏదో ఉంది, ఏమిటది అని అడిగింది. ఏమీ లేదన్నాను. ఆవిడ నమ్మలేదు. నమ్మకుండానే పోయింది.

వన్‌టౌన్‌లో నాది పాత సామాన్ల కొట్టు. ఇప్పుడు మూసేస్తున్నాను. జనానికి ఇనప బీరువాలు, ఫోం సోఫాలు కావాలి. టేకు మంచం నలుగురు పడితేగాని లేవదంటే మొహం తిప్పుకుంటున్నారు. వచ్చినకాడికి వస్తుందని ఒక్కొక్కటే వదిలించుకుంటున్నాను. కొట్టు ఖాళీ అవుతున్నకొద్దీ గోడలు బయటపడుతున్నాయి. దగ్గితే నా దగ్గు నాకే తిరిగి వినిపిస్తోంది. ఇన్నాళ్లూ ఆ సామాను చాటున దాక్కున్నానేమో అనిపిస్తోంది.

నేను మంచి వ్యాపారస్తుణ్ణని బజారంతా అంటుంది. నిజానికి మంచి మాయగాణ్ణి. కొత్త చెక్కకి పాతదనం పుట్టించడంలో చెయ్యి తిరిగినవాణ్ణి. టీ డికాక్షను, తుప్పునీళ్లు, కాస్త పొగ, అంతే. నేను నెల క్రితం చేయించిన కుర్చీని తడిమి, మా తాతగారు ఇలాంటి దాంట్లోనే కూర్చునేవారని కళ్లు తుడుచుకున్న పెద్దమనుషులున్నారు. దానికి నాకేమీ సిగ్గులేదు. వాళ్లు తాతగారిని కొనుక్కున్నారు, నేను అమ్మాను. కానీ ఈ ఒక్కటి వేరు.

డెబ్బైల చివర్లో, ఉక్కు ఫ్యాక్టరీ కోసం గాజువాక అవతలి ఊళ్లు ఖాళీ చేస్తున్న రోజులవి. ఇళ్లు విప్పుకుని దూలాలు, తలుపులు బళ్లకెత్తుకుని పోతున్నారు. పెట్టుకునే చోటు లేనివాళ్లు అమ్మేస్తున్నారు. మాలాంటి వాళ్లం అక్కడే తిరుగుతుండేవాళ్లం. గద్దల్లాగా అంటే కాదనను.

పైడమ్మని అక్కడే చూశాను. రైతు కుటుంబం. భర్త పోయాడు. కొడుకూ కోడలూ ఉన్నారు. తలుపులు, కిటికీలు అన్నీ నాకు ఇచ్చేసింది. గడప దగ్గరికొచ్చేసరికి దాని మీద చెయ్యి వేసి కూర్చుండిపోయింది. మంచి మందమైన టేకు. మధ్యలో గుర్రపు లాడం కొట్టి ఉంది. ఏళ్ల తరబడి పూసిన పసుపు చెక్కలోకి దిగిపోయి ఉంది.

"ఇది అమ్మీది కాదు బాబూ. మా ఆయన దీని మీదే తల పెట్టుకుని పోనాడు. పెద్దలకి కూడు పెట్టిన నాడు ఈ గడప కాడికే వత్తాడు. కొత్తూరు దారి ఆయనకేటి తెలుత్తాది? దీన్ని సూసే వత్తాడు. ఇల్లు లేపుకున్నాక నానొచ్చి అట్టుకెల్తాను. అందాకా నీ కొట్లో ఉండనీ."

సరేనన్నాను. అలా అనడానికి నాకేం ఖర్చయింది?

దాన్ని కోసేశాను.

ఇలా పొట్టిగా చెబితే తేలిగ్గా ఉంది గాని, జరిగింది కూడా అంత తేలిగ్గానే. ఒక పెద్ద ఆఫీసరుకి పాతకాలపు భోజనాల బల్ల కావాలి. నా దగ్గరున్న బల్లకి కాళ్లు చెదలు తినేశాయి. అంత మందమైన, ఆరిన టేకు ఆ వారం మరెక్కడా దొరకలేదు. మూల నిలబెట్టిన గడప కనిపించింది. ఇలా దాచమన్నవాళ్లు ఎంతమంది తిరిగొచ్చారు గనక, ఆవిడ మాత్రం వస్తుందా, వచ్చినా అప్పటి సంగతి అప్పుడు చూసుకోవచ్చు అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. లాడం ఊడబీకి పక్కన పడేశాను. రంపం దిగుతుంటే పొట్టు పచ్చగా రాలింది. లోపలిదాకా పసుపే.

రెండేళ్లకి పైడమ్మ కబురు పంపింది. పునరావాస కాలనీలో ఇల్లు లేస్తోందట, వారంలో వస్తుందట.

నిజం చెప్పి కాళ్లమీద పడొచ్చు. తిట్టేది, శాపం పెట్టేది, ఏడ్చేది. అక్కడితో అయిపోయేది. కానీ నాకు చేతిలో విద్య ఉందిగా! కొట్టు వెనక ఇంకో గడప పడి ఉంది. పొడవు, మందం ఇంచుమించు సరిపోయాయి.

అది జాలరిపేటలోది. తుఫానుకి కూలిన ఇంటిది. ఆ ఇంటి ముసలమ్మని నేనెరుగుదును. పాత పడవ చెక్కల కోసం అటు వెళ్లినప్పుడల్లా గడప మీద కూర్చుని ఉండేది. మా వైపు ఆడవాళ్లలాగే చుట్టని నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగేది. కొడుకు నూకరాజు వేటకెళ్లి తిరిగిరాలేదు. సాయంత్రం వెలుగు తగ్గగానే చుట్ట తీసి, సముద్రం వైపు తిరిగి "నూకా... ఓ నూకా" అని పిలిచేది. ఆ గడప మీదే ప్రాణం పోయింది. పేటలో ఎవరూ ఆ చెక్క ముట్టుకోలేదు. నేను కొన్నాను.

దాన్ని చిత్రిక పట్టాను. అదే లాడం, అవే మేకులతో కొట్టాను. పసుపు నూరి, నూనెలో కలిపి, వేడి చేసి నా చేత్తోనే పూశాను. గడపకి మగాడు పసుపు పూయడం నేనెక్కడా చూడలేదు. చెక్క వేడికి ఒక వాసన లేచింది. చుట్ట వాసన. పాత చెక్క ఏ వాసనైనా దాచుకుంటుంది, అది నా వృత్తిలో మామూలే. అలాగే సర్దిచెప్పుకున్నాను.

పైడమ్మ వచ్చి లాడాన్ని తడిమింది. నుదురు ఆనించి ఏడ్చింది. నాకు దణ్ణం పెట్టింది. ఆ దణ్ణం నేను తీసుకున్నాను.

మరుసటి ఏడు మళ్లీ వచ్చింది. కొట్లో దీపం పెట్టే వేళ. మనిషి సగమైంది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"బాబూ, అది మా గడపేనా?"

"ఏటమ్మా అలగంటన్నావ్? లాడం సూసుకున్నావు కాదేటి?"

"పొద్దుగూకితే గడప కాడ సుట్ట వాసనొత్తంది. మా ఇంటా వంటా లేదు. ఎవులో ముసిల్ది పిలుత్తంది. నూకా, నూకా అని. మాలో ఆ పేరుగలోడు లేడు. మా ఆయనకి పెట్టిన కూడు అలాగే ఉండిపోతంది. కోడలే ఏటో సేయించిందని దాన్ని కొట్టినాను బాబూ. కొడుకు నాతో మాటాడ్డం మానీసినాడు. నా సేతిలో సెయ్యేసి సెప్పు. అది మాదేనా?"

నూకరాజు పేరు ఆవిడకి ఎవరు చెప్పారు? జాలరిపేట ఎక్కడ, ఆ కాలనీ ఎక్కడ? నేను తప్ప ఆ రెండిళ్లనీ ఎరిగినవాడు లేడు. ఒక్క మాట చెబితే కోడలి మీద నింద పోతుంది. గడప పీకేసి మరొకటి పెట్టుకుంటారు. కానీ కొట్టు పేరు? నా మొహం? ఆవిడ చెయ్యి చాచే ఉంది. అందులో నా చెయ్యి వేశాను.

"నీదేనమ్మా" అన్నాను.

"అయితే తప్పు నాలోనే ఉంది" అని వెళ్లిపోయింది.

దెయ్యాలున్నాయా అని నన్నడగకండి. నాకు తెలియదు. లేవనుకుంటే, నేను ఒక ముసలిదాని మనసు విరగ్గొట్టాను. ఉన్నాయనుకుంటే ఇద్దరిది, జాలరిపేట ముసలమ్మది కూడా. ఏ లెక్కన చూసినా నాకు తప్పించుకునే దారి లేదు.

కొట్టు మూసేస్తున్నానుగా, ఇదొక్కటీ మిగలకూడదని కిందటి వారం ఆ కాలనీకి వెళ్లాను. చెప్పేద్దామనే వెళ్లాను. ఎలా మొదలుపెట్టాలో బస్సులో లోపల్లోపల వల్లించుకుంటూనే ఉన్నాను.

పైడమ్మ గడప మీద కూర్చుని ఉంది. నోట్లో అడ్డపొగ. నిప్పు లోపల, పొగ పెదాల సందుల్లోంచి. కోడలు పెరట్లోంచి వచ్చి నన్ను పక్కకి పిలిచింది. "రెండేల్లై ఇదే వరస బాబూ. ఎన్నడూ సుట్ట ముట్టని మనిసి. మమ్మల్నెవుల్నీ గుర్తట్టదు. సేపలు తప్ప ఏటీ తినదు" అంది. ఒకప్పుడు దెబ్బలు తిన్న మనిషే ఇప్పుడు సాకుతోంది.

నేను ముందుకెళ్లి "పైడమ్మా" అన్నాను.

ఆవిడ తలెత్తింది. చుట్ట తీసింది. మొహమంతా వెలుగొచ్చింది.

"నూకా! వచ్చీసినావేట్రా?"

వల్లించుకున్నదంతా ఎటు పోయిందో తెలియదు. ఆ మొహం అలా ఆరిపోతే చూడలేననిపించింది. జాలి అనుకున్నాను. జాలి కాదేమో, అలవాటేమో. ఎదుటివాళ్లు ఏది చూడాలనుకుంటే అదే చూపించడం నాకు బతుకంతా అలవాటు.

"వచ్చీసేనమ్మా" అన్నాను.

గోడ పట్టుకుని లేచింది. పక్కకి జరిగి దారి ఇచ్చింది. "లోపలికి రా నాయనా. కూడు తిందువుగాని" అంది. గడప ఖాళీగా నా ముందుంది. నేను పూసిన పసుపు, నేను కొట్టిన లాడం. కాలు లేవలేదు. ఎంత ప్రయత్నించినా లేవలేదు. వెనక్కి ఒక అడుగు వేశాను.

"మల్లీ ఎల్లిపోతన్నావా?" అంది.

తిరిగి చూడకుండా నడిచాను. సందు మలుపు దాకా పిలుపు వినిపించింది.

పైడమ్మ భర్త ఇంకా దారి వెతుక్కుంటూనే ఉంటాడు. జాలరిపేట ముసలమ్మ కొడుకు వాకిట్లోకి వచ్చి వెళ్లిపోయాడు, ఈసారి వాడు నేను. ఇక పైడమ్మ. ఆ ఇంట్లో పైడమ్మ ఎక్కడుందో నాకు తెలియదు. ఆవిడకి చెప్పడానికి వెళ్తే అక్కడ ఆవిడే లేదు. ఆలస్యం అంటే ఇదే.

కోడలికి చెప్పవచ్చు కదా అంటారు. చెప్పాలి. ధైర్యం వస్తుందో రాదో ప్రమాణం చెయ్యను, నా ప్రమాణాల విలువ మీకు తెలిసిపోయింది. ఈలోగా గొంతులో ఇరుక్కున్న ఆ మాట ఒక్కసారైనా బయటికి రానివ్వండి. మీరేమీ అనక్కర్లేదు. వింటే చాలు.

పైడమ్మా, అది నీ గడప కాదు. నీది నేను కోసేశాను.