చోటు రాయని పూస

బుధవారం మధ్యాహ్నం రియాద్‌లో, మా ఆసుపత్రి ల్యాబ్‌లో పని మధ్యలో ఉండగా, తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఒక ఫొటో వచ్చింది. హాయిల్ పట్నంలో చనిపోయిన ఆడమనిషి, బంధువులెవరైనా ఉంటే తెలపండి అని కింద రాశారు. పేరు, ఊరు కూడా ఇచ్చారు. ఆ పేరు నా చిన్ననాటి నేస్తానిది కాదు. ఆ ఊరూ కాదు. ముఖం మాత్రం ఆమెదే. పనిచేసే ఇంట్లో, వంటగదిలోనే కూలిపోయిందట. గుండెపోటు అన్నారు.

మేం కలిసినప్పుడు నాకు తొమ్మిదేళ్ళు, తనకు పది. హాయిల్ అవతల నల్లరాళ్ళ గుట్టల కింద పాతకాలపు ఊరొకటి తవ్వుతుండేవారు. మా నాన్న అక్కడ సర్వేయరు. వాళ్ళ నాన్న క్యాంపు మెస్‌లో వంట చేసేవాడు, వాళ్ళమ్మ అందరి బట్టలూ ఉతికేది. కడప జిల్లా వాళ్ళు. ఆమెను నేను అత్తా అనేదాన్ని. క్యాంపు మొత్తానికి పిల్లలం మేమిద్దరమే కాబట్టి స్నేహం కుదరక తప్పలేదు. మొదటిరోజే నన్ను చూసి, "ఏం మే, నీ జడ ఎలక తోక మాదిరి ఉండాదే" అంది. మూడు రోజులు మాట్లాడలేదు నేను. నాలుగో రోజు తనే వచ్చి నా జడ విప్పి మళ్ళీ వేసింది. ఖుబ్బూస్ రొట్టెలో ఊరగాయ చుట్టి సగం నా చేతిలో పెట్టింది.

గుంతల్లోకి మమ్మల్ని దిగనిచ్చేవారు కాదు. జల్లెడ పట్టేసిన మట్టి కుప్ప మాత్రం మాది. అందులో ఇక ఏమీ మిగలదని అందరి నమ్మకం. ఒకరోజు తనకు అందులో ఎర్రపూస దొరికింది, కందిగింజంత. అంతమంది కళ్ళుగప్పి వచ్చేసింది అది. ఇద్దరం ఎగిరి గంతులేశాం. నీళ్ళ తొట్టి దగ్గర బాగా కడిగి, అత్త చీర చెంగుకి తుడిచి, తవ్వకం పెద్దమేడమ్ దగ్గరికి పరుగెత్తాం, మెచ్చుకుంటుందని.

ఆవిడ ఒక్కటే అడిగింది. ఇది ఏ గుంతలోది, ఏ పొరలోది? కుప్పలో అన్ని గుంతల మట్టీ కలిసే ఉంటుంది. పూసకు అంటిన మట్టిని చూస్తే తెలిసేదేమో, దాన్నీ మేమే కడిగేశాం. అక్కడ దొరికిన ప్రతిదానికీ ఒక చీటీ కట్టేవారు. అది ఏమిటి, ఎక్కడ దొరికింది, ఎవరికి దొరికింది. ఆవిడ కోప్పడలేదు. చీటీ మీద 'చోటు తెలియదు' అని రాసి, పూసను విడిగా ఒక డబ్బాలో వేసింది.

ఆ పూట నా నేస్తం అన్నం ముట్టలేదు. "తిరనాళ్ళలో తప్పిపోయిన పిల్ల మాదిరి అయిపాయ మే అది. మనమే చేసినాం" అని ఏడ్చింది. ఆ తర్వాత తనకు చీటీల పిచ్చి పట్టింది. ఊరగాయ సీసాకి చీటీ, నా చెప్పులకి చీటీ, వాళ్ళ నాన్న గరిటెకి చీటీ. ఎప్పుడూ రెండు ముళ్ళు వేసేది. "ఒక ముడి గాలికి ఊడిపోతాది మే" అనేది. రెండో చలికాలం ముగిసి మేం వెళ్ళిపోయే రోజు నా మణికట్టుకీ ఒకటి కట్టింది. 'నేస్తం. హాయిల్ గుట్ట, మట్టికుప్ప. నాకు దొరికింది.' నేను తనకేమీ కట్టలేదు. ఉత్తరాలు రాస్తానన్నాను. ఒక్కటీ రాయలేదు.

మళ్ళీ చూసింది రెండేళ్ళ కిందట, ఒక శుక్రవారం, రియాద్ బతా బజారులో. కూరగాయల కొట్టు ముందు నిలబడి ఉంటే వెనక నుంచి "ఎలక తోకా!" అని కేక. నల్ల అబాయాలో తను. ఇంటి మేడమ్ రియాద్ వస్తే వెంట వచ్చిందట. నాన్న పోయాక ఇళ్ళల్లో పనికి వచ్చేసిందట. అప్పటికి వయసు చాలదని ఏజెంటు వేరే పేరుతో, వేరే ఊరితో పాస్‌పోర్టు చేయించాడట. "కాగితాల్లో నేను నేను కాదు మే. కడిగేసిన పూసను" అని నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పుడు నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

"నువ్వుండేది యాడో ఒక చీటీ రాసియ్యి మే" అంది. మా కంపెనీ బస్సు హారన్ కొడుతోంది. "నీ నంబరు చెప్పు, ఫోన్లో పంపిస్తాలే" అని రాసుకుని ఎక్కేశాను. పంపలేదు. పని ఒత్తిడి అని చెప్పొచ్చు, కానీ అది అబద్ధం. బద్ధకం, అంతే. ఆ చీటీ ఉంటే తన సంచిలో నా చిరునామా దొరికేది. ఇంకెవరికీ కాకపోయినా నాకు ఫోన్ వచ్చేది.

వాళ్ళ అసలు ఊరి పేరు గుర్తుండబట్టి ఆ ఊరివాళ్ళను పట్టుకుని అత్తకు కబురు చెప్పాను. రోజూ ఫోన్ చేసి ఒకటే అడుగుతోంది. "పాపా, ఆ పేరుతోనే నా బిడ్డను పూడ్చిపెడతారా? వేరే పేరు పెట్టి నేనెట్లా ఏడ్చేది?"

నాకు దిక్కు తోచడం లేదు. తనను పనికి పెట్టుకున్న కఫీల్‌కి తెలిసింది కాగితాల్లోని పేరే. వేలిముద్రలూ ఆ పేరే చెబుతున్నాయి. పాస్‌పోర్టులోని ఊళ్ళో అలాంటి మనిషే లేదని అక్కడి నుంచి జవాబొచ్చింది. అత్త పత్రాలు, నా నేస్తం బడి సర్టిఫికెట్ ముద్రలు పడి ఇక్కడికి చేరాలి. ఈలోగా మార్చురీ గడువు దాటితే ఇక్కడే, ఆ పేరుతోనే పూడ్చేస్తారు. చదువుతున్నవాళ్ళలో ఈ దారి తెలిసినవాళ్ళుంటే చెప్పండి. మీ కాళ్ళు పట్టుకుంటాను.

శనివారం రైలెక్కి హాయిల్ వెళ్ళాను. మార్చురీలో పనిచేసే తెలుగు కుర్రాడిది జగిత్యాల వైపు. నా నేస్తాన్ని చూపించాడు. కాలికి అచ్చు వేసిన చీటీ ఉంది, ఆ పేరుతో. తీసేయమని బతిమాలాను. ఏడ్చాను. అరిచాను కూడా.

"అక్కా, గది నా చేతుల లేదు. కాయితాలు రావాలె" అన్నాడు. బల్ల సొరుగు లాగి, "పక్కన ఇంకోటి కడితే ఏమైతది? కట్టు" అని ఖాళీ చీటీ, తెల్లదారం నా చేతికిచ్చాడు.

తెలుగులో రాశాను. తన అసలు పేరు, ఊరు, తల్లి పేరు. కింద, హాయిల్ గుట్ట, మట్టికుప్ప. నాకు దొరికింది.

పాదం చల్లగా ఉంది. ఒక ముడి వేశాను. రెండోది వేశాను. నమ్మకం చాలక, మూడోది కూడా వేశాను.