కోడలు కాచిన ఆముదం

ఆముదం గుణాలు ఎవరైనా నా ముందు వర్ణిస్తే నాకు ఒళ్లు మండుతుంది. తలకు చలవ, కడుపుకు మంచిది, బాలింతకు బలం అని చెప్పుకుంటూ పోతారు. అవన్నీ నాకూ తెలుసు. ఏటా నా చేత్తో కాచినదాన్నే. అయినా ఆ పేరెత్తితే లేచి వెళ్లిపోతాను. ముసలిదానికి చాదస్తం అనుకుంటారు మా వాళ్లు. అనుకోనీ.

కర్నూలుకు వచ్చిన రాజధాని మూడేళ్లకే మూటాముల్లె కట్టుకుని హైదరాబాదుకు లేచిపోయిన రోజుల సంగతి ఇది. నేను కడపలో పుట్టి, అక్కడి బడిలో థర్డ్ ఫారం, అంటే ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లీషుతో చదివి, ఓర్వకల్లు కొండల వెనక ఒక మెట్ట ఊరికి కోడలిగా వచ్చాను. అత్త నేను రాకముందే పోయింది. మా ఆయన తుంగభద్ర కాలువ పనుల్లో ఓవర్సీరు. నెలకొకసారి వచ్చి, రెండు రోజులుండి పోయేవాడు. ఇంట్లో ఉండేది మా మామ, నేను, నాలుగేళ్ల నా కూతురు.

పాపకు పుట్టినప్పటి నుంచీ ఉబ్బసం. మామూలుగా వచ్చి పోయేది. ఒకసారి మాత్రం ఎంతకూ ఊపిరి అందక పెదవులు నల్లబడ్డాయి. ఎద్దులబండిలో ఓర్వకల్లు దాకా పోయి, అక్కడ బస్సు కోసం కూర్చుని, కర్నూలు పెద్దాసుపత్రికి చేరేసరికి పొద్దు వాలింది. డాక్టరు ఒక సూది వేశాడు. వేసిన కాసేపటికే పాప కళ్లు తెరిచి మంచినీళ్లు అడిగింది. నేను ఏడ్చాను. డాక్టరు నా ఏడుపు పట్టించుకోలేదు. "ఈ మందు మీ ఊళ్లో దొరకదు, వేసేవాడూ ఉండడు. మళ్లీ ఇట్లా వస్తే ఒక్క గంట కూడా ఆలస్యం చేయొద్దు" అన్నాడు.

మామ ఆ మాట పక్కనే నిలబడి విన్నాడు. నెల తిరక్కుండా కారు కొన్నాడు. హైదరాబాదుకు బదిలీ అయిన ఆఫీసరొకాయన వదిలించుకున్న పాత కారు. ముందు హ్యాండిలు పెట్టి తిప్పితే గానీ లేచేది కాదు. ఏ చెట్టూ లేని చోట ఆముదపు చెట్టే మహావృక్షం అన్నట్టు, చుట్టుపక్కల ఏడెనిమిది ఊళ్లకు ఆ డొక్కు కారే గొప్ప. జనం దాన్ని మామ దర్జా అనుకున్నారు. ఆయన కాదనలేదు. కానీ అది ఎవరి కోసం కొన్నాడో నాకు తెలుసు. సాయంత్రం పాపను ముందు సీట్లో కూర్చోబెట్టి, "నీ రథం చూడు పాపా" అనేవాడు.

కారుతోపాటు కర్నూలు నుంచి ఒక డ్రైవరు వచ్చాడు. నలభై దాటిన సాయిబు, యుద్ధంలో మిలిటరీ లారీలు నడిపినవాడు. చదువు రాదు. ఇంజను చప్పుడు విని దాని కష్టసుఖాలు చెప్పేవాడు. ఆయనే వచ్చిన నెలకు మామతో అన్నాడు: "పాత ఇంజను గదయ్యా, నూనె తాగుతాండాది. ఈ డబ్బాలో సగమే మిగిలింది. ఇంకో డబ్బా తెప్పించాల."

మా ఇంట్లో అప్పటిదాకా ఉప్పు తప్ప ఏదీ అంగట్లో కొన్నది లేదు. నూనె సంగతి చెప్పనే అక్కర్లేదు. నూనె కొనుక్కుని తినే ఇల్లు చితికిన ఇల్లని మా వైపు లెక్క. మామ ముఖం మాడిపోయింది.

"నూనె కొనే గతి పట్టలేదప్పా మాకు. ఇంట్లో కుండల నిండా ఆముదముండాది. బండి ఇరుసుకు అదే పోస్తాం. దీనికి పనికిరాదా?"

"బండి వేరు, ఇంజను వేరయ్యా."

"ఆ మొదటి యుద్ధంలో ఇమానాలకు ఆముదమే పోసినారంట గదా. ఆకాశంలో ఎగిరేదానికి పనికొచ్చింది, నేల మీద పొర్లాడే దీనికి పనికిరాదంటే ఎట్ల?"

డ్రైవరు తల గోక్కున్నాడు. మామ మాటలో నిజం లేకపోలేదు. "పనికిరాదని నేననడంలే. దాన్ని బాగా శుద్ధి చేసి పోస్తారు. సరే, ఆముదమే పోస్తామంటే ఉన్నదంతా కిందికి వదిలి, ఇంజను కడిగి, ఒట్టి ఆముదమే పోద్దాం. లేదంటే ఒట్టి డబ్బా నూనె. రెండూ కలపాకండి. కలిస్తే విరుగుతాది. డబ్బా మీదనే రాసుండాదని అంగడాయన చెప్పినాడు."

కొన్న నూనెను నేలపాలు చేయడమంటే మామకు ప్రాణం పోయినంత పని. పంచలో కారు చూడ్డానికి వచ్చిన రైతులు నలుగురు కూర్చుని ఉన్నారు. మామ లోపలికి కేకేశాడు. "ఏమ్మా, ఆ ఆముదం చెంబు తీసుకోని ఇట్లా రా."

నేను చెంబు తెచ్చి గడప దగ్గర నిలబడ్డాను. ఆముదం గింజలు వేయించి, దంచి, నీళ్లలో ఉడకబెట్టి, పైకి తేలినదాన్ని గరిటెతో తీసి, తేమ పోయేదాకా మళ్లీ కాచిన నూనె. దాని కోసం రెండు రోజులు పొయ్యి ముందు కూర్చున్నాను. మామ చెంబును ఎండలోకి వంచి నలుగురికీ చూపించాడు.

"చూడండప్పా, మా కోడలు కాచింది. తేనె మాదిరి ఉండాది. ఈ జిల్లాలో ఇట్లా కాచే ఆడమనిషి ఇంకొకతి ఉంటే చూపించండి."

ఆ ఇంటికి వచ్చిన ఆరేళ్లలో నలుగురిలో నన్ను మెచ్చుకోవడం అదే మొదలు. చదువుకున్న కోడలు అనేవాళ్లు గానీ అది మెచ్చుకోలు కాదు, దెప్పుడు. నాకు చెవులు వేడెక్కాయి. సంతోషమే, ఎందుకు దాచాలి.

వెంటనే మామ డబ్బా నా చేతికిచ్చాడు. "ఇంగ్లీషు వచ్చిన దానివి. దీని మీద ఏం రాసినారో చదువమ్మా. ఈయప్ప చెప్పింది ఉండాదో లేదో తేలిపోతాది."

చదివాను. పైన పేరు, కింద కొలత. దాని కింద, అడుగున, చీమలంత అక్షరాల్లో ఒక వరుస. ఈ నూనెను చెట్ల నూనెలతో గానీ వేరే ఏ నూనెలతో గానీ కలపరాదు. అంత సులభమైన ఇంగ్లీషు. బడిలో చదివిన ఏ పాఠమూ అంత తేటగా అర్థమైంది లేదు.

డ్రైవరు నా ముఖం చూస్తున్నాడు. రైతులు చూస్తున్నారు. మామ చేతిలో నా చెంబు ఇంకా మెరుస్తూనే ఉంది. "పేరు, కొలతా రాసినారు మామా. ఇంకేం లేదు" అన్నాను.

ఎవరో నవ్వారు. డ్రైవరు డబ్బా తీసుకుని తిప్పి తిప్పి చూశాడు. ఆయనకు అవి ఉత్త గీతలు. "అంగడాయన అబద్ధమెందుకు చెప్తాడో మరి" అని గొణిగి, మామ చెప్పినట్టే బానెట్టు ఎత్తి ఉన్న నూనె మీదనే నా ఆముదాన్ని ఇంజనులో పోశాడు.

ఆ తర్వాత జరిగినదే నన్ను ఇంకా చెడగొట్టింది. కారు మునుపటి కంటే మెత్తగా నడిచింది. చప్పుడు తగ్గింది. అది పోయిన దారంతా కమ్మటి వాసన వేసేది, ఏ ఇంట్లోనో బాలింతకు ఆముదం కాస్తున్నట్టు. మామ సంబరం చెప్పనలవి కాదు. ఎవరు వచ్చినా బానెట్టు ఎత్తించి వాసన చూపించేవాడు. నేను కూడా నమ్మాను. తమ సరుకు అమ్ముకోవడానికి కంపెనీవాళ్లు రాసుకున్న మాటలే అవి, నేను చదవకపోవడమే మంచిదైందని నాకు నేను చెప్పుకున్నాను. మనిషి తన అబద్ధాన్ని తానే నమ్మడానికి పది దినాలు చాలు.

ఒకనాడు పెరట్లో గిన్నెలు తోముతుంటే డ్రైవరు దూరంగా నిలబడి దగ్గాడు. చేతిలో నూనె కొలిచే పుల్ల. దాని కొసకు జిగురు పట్టి తీగలా సాగుతోంది.

"చూడమ్మా, తుమ్మబంక మాదిరి తయారైంది. ఈ బంక దారులకు అడ్డం పడితే ఇంజనుకు నూనె అందదు. పెద్దాయన నా మాట వినడంలే. మీరొక్క మాట చెప్పండి. అంతా వదిలేసి కడిగేస్తా, ఒక్క పూట పని."

అప్పుడైనా చెప్పొచ్చు. చెబితే ఆనాటి సంగతి కూడా చెప్పాలి. "నాకేం తెలుసు ఇంజన్ల సంగతి. మామతోనే చెప్పుకోండి" అని మళ్లీ గిన్నెల మీదికి వంగాను. ఆయన మామతో చెప్పాడట. ఉగాది పోనీ చూద్దామన్నాడట మామ.

ఉగాదికి ఇంకా వారం ఉందనగా పాపకు మళ్లీ వచ్చింది. పొద్దున జొన్నరొట్టె తింటూ తింటూ ఆపేసింది. చూస్తుండగానే పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పీక్కుపోవడం మొదలైంది. మామ చొక్కా కూడా వేసుకోలేదు, కండువాతోనే ఎక్కాడు. డ్రైవరు మూడు తిప్పులకే కారు లేపాడు. నేను పాపను ఒళ్లో నిటారుగా పట్టుకుని వెనక కూర్చున్నాను. అప్పటికింకా భయం లేదు. కారుంది, గంటలో సూది పడుతుంది, పాప నీళ్లడుగుతుంది అనుకున్నాను.

ఓర్వకల్లు దాటాక, రాళ్లగుట్టల మధ్య, ఇంజనులోంచి టకటకమని చప్పుడు మొదలైంది. ముందు చిన్నగా, తర్వాత రోట్లో ఇనుప రోకలి పడ్డట్టు. డ్రైవరు వేగం తగ్గించాడు. మామ "పోనీ, పోనీ" అన్నాడు. ఇంకొక ఫర్లాంగు పోయాక లోపల ఏదో పట్టేసినట్టు కారు ఒక్క కుదుపుతో నిలిచిపోయింది. డ్రైవరు దిగి హ్యాండిలు పెట్టి బలమంతా పెట్టి తిప్పాడు. అది కదల్లేదు. మళ్లీ తిప్పలేదు ఆయన. బానెట్టు కూడా ఎత్తలేదు. నా దగ్గరికి వచ్చి చేతులు చాపాడు.

"బిడ్డనియ్యండమ్మా. ఇది ఇంక లేవదు."

పాపను భుజాన వేసుకుని కర్నూలు వైపు పరుగెత్తాడు. మేమిద్దరం వెనక. ఎండ అప్పటికే నెత్తిన ఉంది, నీడ కోసం ఒక చెట్టు లేదు. ఎంతసేపు పరుగెత్తామో తెలియదు. వెనక నుంచి బేతంచెర్ల బండల లారీ వస్తే డ్రైవరు రోడ్డుకు అడ్డంగా నిలబడి ఆపాడు. నన్నూ పాపనూ ముందు ఎక్కించి, ఆయనా మామా వెనక బండల మీద ఎక్కారు.

కర్నూలు ఇంకా మూడు మైళ్లుందనగా పాప ఆయాసం తగ్గింది. తగ్గిందనే అనుకున్నాను. "కుదుట పడింది" అని లారీ ఆయనతో అన్నాను కూడా. ఆయన ఒకసారి పక్కకు చూసి, మళ్లీ రోడ్డు వైపు తిరిగాడు.

మూడో దినం పంచలో జనం కూర్చున్నారు. మా ఆయన వచ్చాడు, గోడకు ఆనుకుని నేల చూపులు చూస్తున్నాడు. ఆనాటి రైతులూ ఉన్నారు. డ్రైవరు మెట్ల కింద నిలబడి ఉన్నాడు. మామ గొంతు నాకు లోపలికి వినబడుతోంది.

"ఇంజను చూసుకోవడం నీ పని. నా మనవరాలిని నువ్వే చంపితివి."

"నేను ముందే చెప్తి గదయ్యా, కలపాకండని."

"చెప్తివి. డబ్బా మీద రాసుండాదంటివి. నలుగురి ముందర చదివిస్తిమి. ఏముండె దాంట్లో?"

డ్రైవరు ఏం చెబుతాడు. చదువుకున్న మనిషి చదివి లేదన్నాక ఆయన మాటకు విలువేముంది.

మైలలో ఉన్న ఆడది మగవాళ్ల మధ్యకు రాకూడదు. నేను వచ్చాను. "రాసుండాది మామా. చెట్ల నూనెతో కలపరాదని రాసుండాది. నేను చదివినా. చదివి చెప్పలేదు" అన్నాను.

మామ నా వైపు చూశాడు. ఆ చూపులో ఆయనకు నా మాట అర్థమైందనే నేను ఈనాటికీ అనుకుంటాను. కానీ తల తిప్పుకుని మా ఆయనతో, "బిడ్డ పోయి మతి చెడింది పాపం. లోపలికి తీసుకపో" అన్నాడు. రైతులు జాలిగా తలలు ఊపారు. డబ్బా తెమ్మని అరిచాను. ఎవరూ లేవలేదు. తెచ్చినా ఏం లాభం. ఆ ఊళ్లో ఇంగ్లీషు చదివేది నేనొక్కదాన్నే, నాకేమో మతి చెడిందాయె.

డ్రైవరు తన పెట్టె తీసుకుని వెళ్తుంటే పెరటి తలుపు తీసి గడ్డివాము దగ్గర ఎదురు పోయాను. ఆయన ఆగాడు. మూడు రోజుల్లో గడ్డం మాసి, కళ్లు గుంటలు పడి ఉన్నాయి.

"నేనే తప్పుగా విన్నానేమో, నా చేత్తోనే నూనె పోసి బిడ్డను చంపినానేమో అని మూడు దినాలుగా ముద్ద దిగలేదు తల్లీ" అన్నాడు. తర్వాత అడిగాడు: "చదువు రానోన్ని, నేను చెప్తి. చదువొచ్చిన దానివి, నువ్వెందుకు చెప్పలేదు?"

అబద్ధం చెప్పడానికి నాలో ఇంక ఓపిక లేదు. మామ అందరి ముందూ నేను కాచిన ఆముదాన్ని మెచ్చుకున్నాడని, ఆ మాట పోగొట్టుకోవడం ఇష్టం లేకపోయిందని చెప్పాను.

ఆయన పెట్టె కింద పెట్టాడు. ఇంకేదైనా చెబుతానేమోనని చూస్తున్నట్టుంది.

"అంతేనా?" అన్నాడు.

"అంతే" అన్నాను.