అసలుకు ముందు డమ్మీ

మా శామ్సన్ పెదనాన్న ఏ పనీ నేరుగా చేయనివ్వడు. ముందు డమ్మీతో జరగాల్సిందే. లారీల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు ఇన్‌స్పెక్షన్‌లో పనిచేశాడు. ఒక భాగానికి జత ఇంకా తయారు కాకపోతే, డమ్మీ జత బిగించి చూసి, కుదిరితేనే ముందుకు పంపేవాడు. రిటైరయ్యాక ఆ పని మా మీద మొదలుపెట్టాడు.

తన కూతురు జెన్సీ అక్క పెళ్లిచూపులకు ముందు తనే పెళ్లికొడుకులా కూర్చుని, జీతమెంతో చెప్పనని మొండికేశాడు. ఆమె బిడ్డ బాప్తిస్మానికి ముందు రోజు పాస్టరుగారి చేతుల్లో ఆనపకాయ పెట్టి, నీళ్లు చల్లించి, పట్టు సరిపోలేదని తేల్చాడు. ఆ ఆనపకాయను జయమణి పెద్దమ్మ రాత్రికి పులుసు పెట్టింది.

అలాంటి మనిషి చేతికి నేను చిక్కాను. ఎమ్మెస్సీ జువాలజీ వైవాలో నోరు పెగలక ఒకసారి ఫెయిలయ్యాను. రెండోసారీ పోతే డిగ్రీ మీద ఆశ వదులుకోవాల్సిందే.

"రేపట్నుంచి నేనే ఎగ్జామినర్ని" అన్నాడు పెదనాన్న.

జూన్ ఎండల్లో పెళ్లినాటి కోటు తొడుక్కుని ఆ ఫ్యాక్టరీవాళ్ల టెల్కో కాలనీలోని మా క్వార్టర్‌కు వచ్చేవాడు. మొదటి రోజు, ఒంట్లో రోగాలతో పోరాడే బి కణాల పాఠం ఎత్తుకున్నాను. అవి ఎముక మజ్జలో పుడతాయని, జన్యువుల ముక్కలు ఏరి కలిపి, యాంటీబాడీలో జతగా ఉండే రెండు గొలుసుల్లో ముందు హెవీ చైన్ తయారుచేస్తాయని, లైట్ చైన్ ఆ తర్వాతని చెప్పాను.

"ఆగమ్మీ. జత రాకుండా హెవీ చైన్ బాగుందో లేదో ఎలాగ తెలుత్తాది?"

"డమ్మీ లైట్ చైన్ తగిలించి చూసుకుంటాది పెదనాన్నా. పుస్తకంలో దానికి పెద్ద పేరుంది. కుదిరితే కణానికి కబురందుతాది, అది పెరుగుతాది. అసలు జత తర్వాతే."

పెదనాన్న లేచి నిలబడ్డాడు. మజ్జలో కూడా ఇన్‌స్పెక్షన్ డిపార్టుమెంటు ఉందని సాయంత్రానికల్లా కాలనీ అంతటికీ తెలిసిపోయింది.

నన్ను మాత్రం పాస్ చేయలేదు. ఇరవై రోజులు, ఇరవై రిజెక్టులు. పుట్టి పెరిగిన ఊరి అలవాటుతో నేను హిందీలో విసుక్కుంటే ఆయన తెలుగులో రిజెక్ట్ చేసేవాడు. ఒకరోజు కోపం పట్టలేక, జన్యువుల మొదటి అమరిక చెడిన కణానికి కూడా రెండో క్రోమోజోముతో ఇంకో అవకాశం ఉంటుందని అరిచి చెప్పాను. ఎదుట మనిషి ఉండగా నా గొంతు అంత పైకి లేవడం అదే మొదటిసారి.

అసలు ఎగ్జామినర్ మెత్తని మేడమ్. మంచినీళ్లిచ్చి, అదే బి కణం గురించి అడిగింది. కంగారులో "పెదనాన్నా" అని మొదలుపెట్టాను. ఆవిడ నవ్వింది, నేనూ నవ్వాను. ఆ తర్వాత పది నిమిషాలు నన్ను ఆపడం ఆవిడ వల్ల కాలేదు. ఫలితాలొచ్చాక చూస్తే బ్యాచ్‌లో అందరికన్నా ఎక్కువ మార్కులు నాకే వచ్చాయి.

ఆ రోజు నేను బయటికొచ్చేసరికి వరండాలో పెదనాన్న కోటులో చెమటలు కక్కుతున్నాడు. గెలిచిన పొగరుతో నిలదీశాను, మేడమ్ ఒక్కమాట గట్టిగా అనలేదు, నువ్వెందుకు అన్ని రోజులు పీక్కుతిన్నావని.

"కొత్తోల్ల ముందు పడితే దెబ్బ తగుల్తాదమ్మీ. నా ముందు ఇరవైసార్లు పడ్డావు. ఒక్కపూటైనా అన్నం మానేసినావా?"

మానలేదు. రిజెక్ట్ చేసిన ప్రతిరోజూ మాతోపాటే అన్నానికి కూర్చుని, తన పళ్లెంలోని పెద్ద చేపముక్క తీసి నా పళ్లెంలో వేసింది ఆయనే.