‘అంటే ఏంటండీ’ మాస్టారు

మా పర్చూరు ఫిలిప్ మాస్టారి చెవిన ఇంగ్లీషు మాట పడిందంటే చాలు, దాని అర్థం చెప్పించుకోకుండా ఎదుటి మనిషిని వదలరు. ముప్పై ఏళ్ళు ఇంగ్లీషు పాఠాలు చెప్పి రిటైరైన మనిషండీ ఈయన!

బస్సులో కండక్టరు "అడ్జస్ట్ అవ్వండి" అంటే, "అంటే ఏంటి బాబూ?" అని మెట్టు మీదే నిలబడిపోతారు. వెనక జనం గోల. "జరిగి కూర్చోండి తాతా!" అని అతను అరిచాకే కదులుతారు. పాస్టరుగారు "పాజిటివ్‌గా ఉండాలి" అన్నారని ఓసారి ప్రసంగం మధ్యలో లేచి చెయ్యెత్తారు. ఆ ఆదివారం మా పేటలో మధ్యాహ్నం భోజనాలు నాలుగింటికి.

అలాంటాయన్ని గుంటూరు తీసుకెళదామంది మా అమ్మ జయకుమారి. పెద్ద డాక్టరు దగ్గరికెళ్తే ఇంగ్లీషొచ్చినవాళ్ళని వెంటబెట్టుకెళ్ళడం మా పేటలో అలవాటు.

"నేను బీఎస్సీ చదివాగదే! ఆయనొస్తే పరువు పోద్ది," అన్నాను.

"నువ్వూ రా స్తుతీ. పెద్దాయన పక్కనుంటే నాకదో ధైర్యం."

అమ్మ మిరప కోతలకెళ్తుంది. ఈ ఏడు కుడిభుజం పైకి లేవడం లేదు. ఆపరేషనంటే మూడు నెలలు ఇంట్లోనే. ఈలోగా కోతల ముఠాలో ఆమె చోటు ఇంకొకరికి పోతుంది. పైగా సూదిని చూస్తేనే కళ్ళు మూసుకునే మనిషి.

గుంటూరు బ్రాడీపేటలో డాక్టరుగారు స్కానింగు చూసి, "సర్జరీ ఆప్షనల్ అమ్మా, ఓకేనా?" అన్నారు.

"అట్టాగేనండీ," అంది అమ్మ. పొలం ఆసామికైనా, బ్యాంకులోనైనా ఆమె చెప్పే జవాబు అదొక్కటే. నేనూ తలూపాను.

మాస్టారు కుర్చీ ముందుకి జరిపారు. అయ్యో దేవుడా, ఇక్కడ కూడానా!

"ఆప్షనల్ అంటే ఏంటండీ?"

డాక్టరుగారు కళ్ళజోడు తీశారు. "ఇష్టమైతే చేయించుకోవచ్చు, లేకపోతే లేదు. మందులకీ, వ్యాయామానికీ తగ్గొచ్చు కూడా."

"అయితే కొయ్యరా?" అమ్మ కేకేసినంత పనిచేసింది. "నేను కోతలకి ఇంకెట్టా వెళ్తానా అని ఏడుపు దిగమింగుకుని కూచున్నానండీ! మందులే ఇయ్యండి బాబూ!"

ఆప్షనలంటే నాకు తెలుసు. మా అమ్మకి తెలియదన్న సంగతే నాకు తట్టలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

బయటికొచ్చాక అడిగాను. "మాస్టారూ, మీకు తెలిసిన మాటలే కదా అన్నీ?"

"తెలుసులేవే. నేను పక్కవాళ్ళ మొహాలు చూస్తా. అర్థం కాకపోయినా అడగడానికి మొహమాటం వాళ్ళకి. నాకెట్టాగూ పిచ్చిమాస్టారని పేరొచ్చేసింది, ఇంక పోయేదేముంది?"

మందుల షాపాయన అమ్మకి కవరందిస్తూ, "రెగ్యులర్‌గా వాడండి" అన్నాడు. మాస్టారు నోరు తెరిచారు. ఆయన అడిగేలోపే మా అమ్మ కొంగు బిగించి, వీధంతా వినబడేట్టు అంది:

"అంటే ఏంటయ్యా?"

మాస్టారు తెరిచిన నోరు మెల్లగా మూసుకుని, నా వైపు చూసి కన్ను గీటారు.